కారు నిలిపి ఊరెళ్తున్నారా? బ్యాటరీ సంగతి ముందు చూడండి

కారు లాక్ చేసి వెళ్లిపోయినా లోపల అన్నీ నిద్రపోవు. అలారం, సెంట్రల్ లాకింగ్, ఇంజిన్ కంప్యూటర్, గడియారం కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. చాలా కార్లలో ఇది 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటుంది. 50 అనుకుంటే రోజుకు 1.2 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటుకు కొలత) ఖర్చు. చిన్న పెట్రోలు కార్లలో ఉండే 35 ఏహెచ్ బ్యాటరీ నుంచి పదిహేను రోజుల్లో 18 ఏహెచ్, అంటే సగం పోతుంది. కొత్త బ్యాటరీ అయితే అప్పటికీ సెల్ఫ్ తీసుకోవచ్చు. మూడేళ్లు దాటిన దాన్ని నమ్మలేం. పైగా వేడిలో బ్యాటరీ దానంతటదే తొందరగా దిగిపోతుంది. మే నెలలో రోడ్డు పక్కన ఎండలో నిలిపిన కారుకంటే సెల్లార్ నీడలో ఉన్నది ఎక్కువ రోజులు తట్టుకోవడం అందుకే.

వారం లోపు ప్రయాణమైతే డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ ఆపేసి, డిక్కీ లైటు, క్యాబిన్ లైటు ఆరాయో లేదో చూసుకుంటే చాలు. స్మార్ట్ కీ ఉన్న కారైతే తాళాన్ని కారుకు దూరంగా ఉంచండి. దగ్గర్లో ఉంటే కొన్ని కార్లు పదేపదే మేలుకుంటాయి.

సంక్రాంతికి వెళ్లి రెండు వారాలుండి వచ్చేవాళ్లు, ఇంకా ఎక్కువ రోజులు ఉండేవాళ్లు నెగెటివ్ టెర్మినల్ విప్పేయడమే మంచిది. ఖర్చు లేదు, చాలా కార్లకు 10 నంబరు స్పానర్ ఒక్కటి చాలు. ముందు అద్దాలు ఎక్కించి, రేడియోకు కోడ్ ఉంటే రాసిపెట్టుకోండి. ఇగ్నిషన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగండి. నలుపు వైరు, మైనస్ గుర్తు ఉన్నదే విప్పాలి. ముందు పాజిటివ్‌ను విప్పితే స్పానర్ బాడీకి తగిలి పెద్ద నిప్పురవ్వ వచ్చే ప్రమాదముంది. విప్పిన క్లాంపుకు పొడి గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. ఇక రిమోట్ పనిచేయదు కాబట్టి డోరును లోహపు తాళంతోనే వేయాలి. స్మార్ట్ కీ లోపల కూడా అది దాగి ఉంటుంది. తాళం డిక్కీలో మరిచిపోకండి. అలారం, జీపీఎస్ ట్రాకర్ కూడా ఆగిపోతాయి. అందుకే గేటూ వాచ్‌మనూ లేనిచోట కారు వదిలేవాళ్లు ఈ పని చేసేముందు ఆలోచించుకోవాలి.

ఇంట్లో ఎవరైనా ఉన్నారని "రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచు" అని చెప్పి వెళ్లడం చాలా ఇళ్లలో అలవాటు. దీనివల్ల లాభం తక్కువ. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఛార్జింగును నెమ్మదిగా తీసుకుంటుంది, చివరి పావు వంతు నిండటానికే గంటలు పడుతుంది. పైగా మూసిన సెల్లార్‌లో ఇంజిన్ నడపడం ప్రమాదం, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దానికి బదులు వారానికోసారి ముప్పై, నలభై నిమిషాలు బండిని ఆగకుండా నడపమనండి. హైదరాబాద్‌లో అయితే గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వెళ్లిరావడం సరిగ్గా సరిపోతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పాకుతూ వెళ్లే ముప్పై నిమిషాలు దానికి సాటిరావు.

రెండు, మూడు రోజులకే బ్యాటరీ దిగిపోతుంటే ఎక్కడో కరెంటు లీకు ఉన్నట్టు. బయట బిగించిన ఆంప్లిఫయర్, ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్‌లనే ముందు అనుమానించండి. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ సాకెట్‌లో పెట్టి, విప్పిన నెగెటివ్ వైరుకూ బ్యాటరీ మైనస్ పోస్టుకూ మధ్య కలపండి. ఈ కొలత తీస్తున్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు, సెల్ఫ్ కొట్టకూడదు. చేస్తే మీటరు ఫ్యూజు పోవచ్చు. డోర్లు మూసి అరగంట ఆగితేనే కంప్యూటర్లు నిద్రలోకి వెళ్తాయి. అప్పుడు మీటరు 0.05 ఆంపియర్ల లోపు చూపిస్తే మామూలే. 0.1 దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైనులోనే లీకు ఉంది. ఏది తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ (బండి నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) డయోడ్‌ను మెకానిక్‌కు చూపించండి. దాని లావు వైరు చాలా కార్లలో ఈ చిన్న ఫ్యూజుల గుండా పోదు.

రెండు నెలలు దాటే ప్రయాణమైతే బ్యాటరీని నిండా ఛార్జ్ చేశాకే విప్పండి. విశ్రాంతిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. ప్లగ్ అందుబాటులో ఉంటే, నిండాక దానంతటదే మెయింటెనెన్స్ మోడ్‌కు మారే స్మార్ట్ ఛార్జర్ కొనండి. 35 ఏహెచ్‌కు 3, 4 ఆంపియర్లది చాలు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పెట్టాలి, ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది.

వచ్చేసరికి 12 వోల్టుల లోపు పడిపోయి ఉంటే జంప్ స్టార్ట్ చేసి పని అయిపోయిందనుకోవద్దు. ఖాళీగా వారాలు ఉన్న ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఛార్జర్‌తో పూర్తిగా నింపి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు వోల్టేజీ చూడండి. 12.4 కూడా నిలవకపోతే బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించాలి.