పాత క్లాసిక్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ముందు రేకు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే ఇంజిన్

క్లాసిక్ స్పోర్ట్స్ కారు చూడటానికి వెళ్లినవాళ్లలో చాలామంది ముందుగా బానెట్ ఎత్తుతారు, స్టార్ట్ చేయించి ఆ శబ్దం వింటారు, పెయింట్ మెరుపు చూస్తారు, అక్కడితో మనసు పారేసుకుంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా రివర్స్. ముందు కిందికి దూరి రేకు చూడండి, తర్వాత కూర్చుని కాగితాలు చదవండి, ఇంజిన్ సంగతి చివర్లో చూసుకుందాం. ఇంజిన్ ఎంత పాడైనా విప్పి బాగు చేయొచ్చు, ఎంత ఖర్చవుతుందో తెలిసిన మెకానిక్ ముందే దాదాపుగా చెప్పగలడు. తుప్పు పట్టిన బాడీకి అలాంటి అంచనా కుదరదు. పైన చిన్న బుడగే కదా అని కోసి చూస్తే లోపలి పొరలన్నీ పోయి ఉంటాయి, ఒకచోట అతికేసరికి పక్కది ఊడివస్తుంది, చివరికి కారు ధరకంటే టింకరింగ్ బిల్లే పెద్దదవుతుంది.

చూడటానికి వెళ్లేటప్పుడు పాత బట్టలు వేసుకెళ్లండి, నేల మీద పడుకోవాల్సి వస్తుంది. మంచి టార్చి, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, కింద పరుచుకోవడానికి ఒక అట్ట ఉంటే మొదటిసారి చూడటానికి చాలు. మీ తల పట్టని చోటికి ఫోన్ వెళ్తుంది కాబట్టి లైటు వేసి, వీడియో ఆన్ చేసి చక్రాల గూళ్ల లోపలికి, ఛాసిస్ సందుల్లోకి పోనివ్వండి. లిఫ్ట్ ఉన్న వర్క్‌షాప్‌లో చూసే వీలుంటే అంతకన్నా మంచిది లేదు. పగటి వెలుగులో, కారు పొడిగా ఉన్నప్పుడే చూడాలి. తడిసిన పెయింట్ మీద గీతలు, పుట్టీ ఎత్తుపల్లాలు, రంగు తేడాలు ఏవీ కనపడవు.

ఎక్కడ చూడాలనేది కారును బట్టి మారుతుంది, అందుకే వెళ్లే ముందే ఆ మోడల్ జబ్బులేంటో చదువుకోండి. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది, అందులోనూ తలుపుల కింద ఉండే సిల్స్ మీద చాలా భారం పడుతుంది. గట్టి పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో సిల్స్ బలం పోతే కారు నడుము దగ్గర వంగుతుంది. దీన్ని కనిపెట్టడం తేలికే. తలుపు వెనక అంచు దగ్గర సందు పైనా కిందా ఒకేలా ఉందా అని చూడండి, తర్వాత ఒక పక్క జాకీ పెట్టి కొంచెం ఎత్తి తలుపు తీసి వేయండి. ఎత్తినప్పుడు తలుపు పట్టేస్తుంటే, లేదా జాకీ పెట్టిన చోటే రేకు లోపలికి పోతుంటే ఇక మాట్లాడాల్సింది లేదు, వచ్చేయండి. (జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టిన కారు కిందికి మాత్రం ఎప్పుడూ దూరొద్దు, స్టాండ్లు ఉండాల్సిందే.)

1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ కథ వేరు. అందులో ఇంజిన్‌ని మోసేది ముందు భాగంలో బోల్టులతో బిగించిన స్టీల్ గొట్టాల ఫ్రేమ్. ఆ గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, బయట పెయింట్ చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. అతుకుల దగ్గర పగుళ్లు గానీ, గొట్టం మీద అతికించిన ముక్క గానీ కనిపిస్తే ఫ్రేమ్ మార్చాల్సిందేనని లెక్క వేసుకోండి. ఆ పొడవాటి ముక్కు మొత్తం కలిపి ఒకే బానెట్‌గా లేస్తుంది, అది దెబ్బతిన్నదైతే మామూలు కారు బానెట్ ఖర్చుతో పోల్చుకోవద్దు. డాట్సన్ 240జెడ్‌లో బ్యాటరీ ట్రే కింద, ఫ్లోర్ కింద పొడవునా వెళ్లే రైల్స్ చూడాలి. మాజ్డా ఎంఎక్స్-5లో అయితే సాఫ్ట్ టాప్ నుంచి నీళ్లు దిగే గొట్టాలు చెత్తతో మూసుకుపోయి వెనక చక్రాల ముందు సిల్స్ లోపలినుంచి కుళ్లిపోతాయి. పోర్షే 911 బాడీకి జింక్ పూత రేకు 1970ల మధ్యలో వచ్చింది, అంతకుముందు బళ్లయితే ముందు సస్పెన్షన్ బిగించే చోటు, బ్యాటరీ చుట్టూ, తలుపు లాక్ పడే స్తంభం కింద భాగం వదలకుండా చూడండి. జింక్ పూత ఉన్నవాటినీ వదిలేయొద్దు, యాక్సిడెంట్ అయి రిపేరు చేసిన చోట ఆ పూత ఎప్పుడో పోయి ఉంటుంది.

ఫైబర్ బాడీ కదా, తుప్పు గొడవే లేదు అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. షెవర్లే కార్వెట్ పైన ఫైబరే, కానీ లోపల అద్దం చుట్టూ, తలుపుల చుట్టూ ఉన్న అస్థిపంజరం స్టీల్‌తో చేసింది. దాన్ని బర్డ్‌కేజ్ అంటారు. అది పుచ్చిపోతే బాడీ ఎత్తి పని చేయాలి. లోటస్ ఎలాన్‌లో కూడా వెన్నెముకలా మధ్యలో పోయే ఛాసిస్ స్టీల్‌దే, దాన్ని మార్చి కొత్తది వేశారంటే చాలామంది కొనేవాళ్లు సంతోషిస్తారు, ఎందుకంటే అక్కడ భద్రత ముందు, ఒరిజినాలిటీ తర్వాత. ఇలాంటి బాడీల మీద అయస్కాంతం పనిచేయదు, అల్యూమినియం ప్యానెళ్ల మీదా అంతే. సన్నటి పగుళ్లు సాలెగూడులా ఎక్కడ వ్యాపించాయో చూడటమే దారి.

స్టీల్ బాడీ అయితే అయస్కాంతం ఎక్కడ పట్టు తప్పుతుందో అక్కడ పుట్టీ మందంగా ఉన్నట్టు. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, కానీ ఈ వయసు కార్లు చాలావరకు ఒకసారైనా రంగు మార్చుకునో, మళ్లీ వేయించుకునో ఉంటాయి కాబట్టి నేను ఆ అంకెను పట్టుకుని కూర్చోను. ఒక ప్యానెల్‌కీ ఇంకో ప్యానెల్‌కీ ఎంత తేడా ఉందన్నదే ముఖ్యం. కారంతా 300 చూపించి ఒక్క వెనక మూల 1,000 దాటితే అక్కడ ఏదో జరిగింది. రబ్బర్ల అంచులు ఎత్తి కింద రంగు తుంపర్లు ఉన్నాయా చూడండి. డిక్కీలో కార్పెట్ తీసి స్టెప్నీ గుంత చూడండి. కింద అంతా కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టించి ఉంటే నాకు అనుమానం పెరుగుతుంది. దాని కింద ఏముందో కొట్టకముందు తీసిన ఫోటోలు చూపించమని అడగండి, లేకపోతే కింద మంచి రేకు లేనట్టే లెక్కేసి ధర మాట్లాడండి.

కాగితాల దగ్గర తొందరపడకండి. ఇక్కడ గంట ఖర్చు పెట్టినా నష్టం లేదు, ఎందుకంటే రెండు కార్లు చూడటానికి ఒకేలా ఉండి ధరలో ఎన్నో రెట్లు తేడా ఉండటానికి కారణం చాలాసార్లు ఈ ఫైల్లోనే ఉంటుంది. మ్యాచింగ్ నంబర్స్ అంటే ఫ్యాక్టరీ నుంచి ఆ ఛాసిస్‌తో వచ్చిన ఇంజినే, వీలైతే గేర్‌బాక్సే, ఇప్పటికీ అందులో ఉండటం. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ మీ కళ్లతో చూసి ఫోటో తీసుకోండి. అక్షరాల ఆకారం, వాటి మధ్య ఎడం, చుట్టూ లోహం అరగదీసిన గుర్తులు గమనించండి, నంబర్లు మళ్లీ కొట్టడం అమెరికన్ మజిల్ కార్లలో, కార్వెట్లలో చాలాకాలంగా ఉన్న మోసం. తర్వాత ఆ నంబర్లని తయారీదారు రికార్డులతో పోల్చాలి. జాగ్వార్‌కి, చాలా బ్రిటిష్ కార్లకి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు, అందులో అసలు రంగు, ఇంజిన్ నంబర్, తయారైన తేదీ ఉంటాయి. ఫెరారీలో ఇలాంటి ధ్రువీకరణకి క్లాసికే అనే విభాగం ఉంది. హెరిటేజ్ సర్టిఫికెట్ కారు ఎలా పుట్టిందో చెబుతుంది, ఇప్పుడెలా ఉందో చెప్పదు, ఇది గుర్తుంచుకోండి.

ఖరీదైన మోడల్ అయ్యేకొద్దీ నకిలీల టెన్షన్ పెరుగుతుంది. 1973 పోర్షే కరేరా ఆర్ఎస్ 2.7 బాగా తక్కువగా తయారైంది, దానికోసం మామూలు 911లకి ఆ డక్‌టెయిల్ స్పాయిలర్, ఆ స్టిక్కర్లు పెట్టి తయారుచేసినవి ఎన్నో ఉన్నాయి. ఫెరారీ డేటోనాలో కూపేల పైకప్పు కోసి స్పైడర్లుగా (ఓపెన్ టాప్ కార్లుగా) మార్చినవి ఉన్నాయి. నకిలీ అని తెలిసి, నకిలీ ధరకి కొంటే తప్పులేదు, నడపడానికి అవి చాలా బాగుంటాయి. అసలు ధర పెట్టి కొనడమే ప్రమాదం.

మీటర్ రీడింగ్‌ని ఒంటరిగా నమ్మొద్దు. పాత మీటర్లు చాలావాటికి ఐదు అంకెలే ఉంటాయి, 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరుగుదల, డ్రైవర్ సీటు పక్క అంచు, తలుపు హింజిల లూజు ఇవన్నీ ఆ అంకెతో పొసగాలి. పాత సర్వీస్ బిల్లులు, ఫిట్‌నెస్ పరీక్షల కాగితాలు తేదీల వరసలో పెట్టి చదివితే ఏ ఏడాది ఎంత తిరిగిందో బయటపడుతుంది, మధ్యలో ఎన్నేళ్లు షెడ్డులో పడుందో కూడా. "ఫుల్‌గా రీస్టోర్ చేశాం" అంటే పెయింటంతా తీసేసిన బేర్ మెటల్ దశ ఫోటోలు, విడిభాగాల బిల్లులు ఉండాలి. ఫోటోలు లేని రీస్టోరేషన్‌కి నేను కొత్త పెయింట్‌కి ఇచ్చే విలువే ఇస్తాను.

ఇప్పుడు ఇంజిన్. వస్తున్నామని చెప్పేటప్పుడే స్టార్ట్ చేయకుండా ఉంచమని అడగండి, వెళ్లగానే చేత్తో ముట్టుకుని చల్లగా ఉందో లేదో చూడండి. వేడెక్కిన ఇంజిన్ చాలా జబ్బులు దాచేస్తుంది. స్టార్ట్ అవగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్లు, సీళ్లు అరిగి ఉండొచ్చు (పాత 911 మాత్రం కొన్నిరోజులు నిలబెట్టి తీస్తే కొంచెం పొగ వదులుతుంది, దాని ఇంజిన్ నిర్మాణమే అంత). రేస్ ఇచ్చిన కొద్దీ నీలం పొగ పెరుగుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని. వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించండి. నల్ల పొగ అయితే కార్బొరేటర్ ట్యూనింగ్‌తో పోవచ్చు. ఆయిల్ ప్రెజర్ పూర్తిగా వేడెక్కాక, ఐడిల్‌లో చూడాలి, చల్లగా ఉన్నప్పుడు అన్ని ఇంజిన్లూ బాగానే చూపిస్తాయి.

సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్‌లో సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం లోపు ఉంటే పర్వాలేదు. లీక్‌డౌన్ టెస్ట్ ఇంకా స్పష్టంగా చెబుతుంది. సిలిండర్లోకి గాలి పంపి ఎటు పోతోందో వింటారు. సైలెన్సర్ నుంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బొరేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్. దానికి తోడు మోడల్ బలహీనతలు ఉంటాయి. 1974 నుంచి 77 దాకా వచ్చిన 911 2.7 ఇంజిన్‌ది మెగ్నీషియం కేసు, సిలిండర్ హెడ్‌ని బిగించే స్టడ్లు ఊడి వచ్చేయడం దాని పేరుపొందిన సమస్య. పాత ఆల్ఫా స్పైడర్‌లో చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ కరకరలాడితే గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో అరిగింది. ఫెరారీ 308లో టైమింగ్ బెల్టులు కిలోమీటర్లు తిరక్కపోయినా కాలాన్ని బట్టి మార్చాలి, టెస్టరోసాలో అదే పనికి ఇంజిన్ కిందికి దించాలి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.

తక్కువ తిరిగిన కారు అనగానే ఎగబడొద్దు. ఏళ్ల తరబడి కదలని కారులో బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోల్ బంకలా మారుతుంది, సీళ్లు ఎండి గట్టిపడతాయి. టైర్ల గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి, 2318 అంటే 2018లో 23వ వారం. మూడే అంకెలు ఉంటే ఆ టైరు 2000కి ముందుది, దాని మీద టెస్ట్ డ్రైవ్ కూడా చేయొద్దు.

ధర దగ్గరికి వస్తే, అమ్మకానికి పెట్టిన రేటు అమ్ముడైన రేటు కాదు. వేలం ఫలితాలు చూడండి, వాటిలో కొనుగోలుదారు కమిషన్ కలిసి ఉందో లేదో గమనించండి. క్లాసిక్ కార్లకి బీమా చేసి విలువలు కట్టే హ్యాగర్టీ లాంటి సంస్థలు కండిషన్‌ని 1 నుంచి 4 వరకు గ్రేడ్లుగా విడదీస్తాయి, 1 అంటే పోటీల్లో గెలిచే స్థాయి, 3 అంటే బాగా నడిచే, చిన్న లోపాలున్న కారు. అమ్మేవాళ్లు దాదాపు ఎప్పుడూ తమ కారుని ఒక మెట్టు పైన చూపిస్తారు, ఒక మెట్టు దించి లెక్క మొదలుపెట్టండి. కొన్న ధరకి బాగుచేసే ఖర్చు కలపండి, అదే మోడల్‌లో మంచి కారు ధర పక్కన పెట్టండి. చాలా సందర్భాల్లో మంచి కారే చవక పడుతుంది, ఎందుకంటే ఆ ఖర్చు ఇంకొకరు ఎప్పుడో పెట్టేశారు.

ఈ లెక్కలో విడిభాగాలు దొరకడం పెద్ద విషయం. ఎంజీబీకి 1988 నుంచి కొత్త బాడీ షెల్లే తయారుచేస్తున్నారు, కాబట్టి దాని తుప్పుకి ఖర్చు పరంగా ఒక హద్దు ఉంది. కొన్ని వందల్లో మాత్రమే తయారైన ఇటాలియన్ కారుకి ఒక్క టెయిల్ లైట్ పగిలినా నెలలు వెతకాలి. లేనివి, విరిగినవి ఏవో ఒక్కొక్కటిగా రాసుకుని, దొరికే చోటు, రేటు కనుక్కున్నాకే బేరానికి కూర్చోండి. రంగు మార్చిన కారుకి, ఇంజిన్ మార్చిన కారుకి ధర తగ్గించి అడగొచ్చు, తీసేసిన అసలు భాగాలు డబ్బాల్లో భద్రంగా ఉంటే ఆ తగ్గింపు తక్కువ. అసలు పెయింట్, అసలు సీట్లతో కాస్త పాతబడి కనిపించే కారుని మాత్రం చిన్నచూపు చూడొద్దు, దాన్ని ఎవరూ మళ్లీ తయారుచేయలేరు.

ఇంత చూశాక కూడా ఆ మోడల్ మీదే పనిచేసే స్పెషలిస్ట్‌తో ఒకసారి పరీక్ష చేయించండి, మీరు రాసుకున్న లిస్టు అతనికి ఇవ్వండి. లిఫ్ట్ ఎక్కించడానికో, లీక్‌డౌన్ టెస్ట్‌కో అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి. కొన్నాక మొదటి నెలలోనే టైర్లు, బ్రేక్ హోసులు, పెట్రోల్ పైపులు, అన్ని ఆయిళ్లు, బెల్టులు మార్చడానికి కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, కారు మంటలకి అది నేరుగా కారణం అవుతుంది కాబట్టి ఆ పైపుల పని మొదటి లాంగ్ డ్రైవ్‌కి ముందే చేయించండి.