ఏ ఫోటో ఎవరు తీశారో వెతుక్కోకుండా

తొమ్మిదో తరగతి పిల్లలతో ఫోటోవాయిస్ చేస్తున్నాను, అంటే పిల్లలే ఫోటోలు తీసి, వాటి గురించి మాట్లాడుతూ తమ అనుభవాలు చెప్పే పరిశోధన పద్ధతి. "బడిలో మీకు నచ్చే చోటు, నచ్చని చోటు తీయండి, మనుషుల ముఖాలు మాత్రం వద్దు" అని చెప్పి ఆరుగురికి కలిపి ఒక ఫోన్ ఇచ్చేదాన్ని. సాయంత్రానికి రెండొందల ఫోటోలు! ఏది ఎవరిదో తేల్చడానికే ఒక పూట పోయేది.

ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇస్తున్నాను. దాని మీద పేరు ఉండదు, స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసిన కోడ్ మాత్రమే: క1, క2 ఇలా. ఫోన్ చేతికి రాగానే మొదటి ఫోటో ఆ చీటీదే. తర్వాత ఐదు ఫోటోలు, అంతే. గ్యాలరీలో రెండు చీటీల మధ్య ఉన్నవన్నీ ఒకరివే. ఏ కోడ్ ఎవరిదో నా నోట్‌బుక్‌లో విడిగా రాసుకుంటాను. ఐదే అనేసరికి పిల్లలు కాస్త ఆలోచించి తీస్తున్నారు. మర్నాడు ఒక్కో ఫోటో గురించి మాట్లాడించడానికీ టైమ్ సరిపోతోంది. (సైకిల్ స్టాండ్ ఎందుకు తీశారో అడిగితే గానీ తెలియలేదు, అక్కడైతే టీచర్లకు కనబడరట.)

ఫోటోలు వాట్సాప్‌లో మాత్రం పంపించుకోవద్దు. తీసిన టైమ్ పోయి వరస తప్పుతుంది, ఇక చీటీ ఉన్నా లాభం లేదు. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.