జూన్‌టీన్త్ నడకకు వెళ్లేముందు: డాలస్ తెలుగువారికి కొన్ని సూచనలు

ప్లేనో, రిచర్డ్‌సన్‌ల నుంచి డాలస్ డౌన్‌టౌన్‌కు వెళ్లే సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మనవాళ్లు ఎందరో రోజూ కారు నడుపుతారు. ఆ దారిలో లెమన్ అవెన్యూ దగ్గర, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు 1869 నుంచి తమవారిని ఖననం చేసుకున్న ఫ్రీడ్‌మన్స్ సిమెట్రీ ఉంది. 1940లలో ఈ రోడ్డు వేసినప్పుడు శ్మశానంలో కొంత భాగాన్ని దాని కింద కప్పేశారు. 1990లలో రోడ్డును వెడల్పు చేయబోతే 1,100కు పైగా సమాధులు బయటపడ్డాయి. ఇప్పుడక్కడ రాతి తోరణం, కంచు విగ్రహాలతో ఒక స్మారకం ఉంది. జూన్‌టీన్త్ (బానిసత్వం ముగిసిన గుర్తుగా జూన్ 19న జరుపుకునే రోజు) వంటి, జాతి వివక్షకు వ్యతిరేకంగా జరిగే కార్యక్రమాల్లో పాల్గొనాలనుకునేవారు ఏ సభకైనా వెళ్లేముందు ఒక శనివారం ఉదయం పిల్లలతో కలిసి అక్కడ గంటసేపు గడపాలని నా మొదటి సూచన. మనం రోజూ నడిపే రోడ్డు కింద ఏముందో తెలుసుకున్నాక సభలో వినబడే మాటలు వేరుగా అర్థమవుతాయి.

చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "అది నల్లజాతివాళ్ల కార్యక్రమం కదా, మనం వెళ్తే పిలవని పేరంటానికి వెళ్లినట్లు ఉండదా?" ఉండదు. ఇవి అందరినీ రమ్మని బహిరంగంగా ప్రకటించి చేసే కార్యక్రమాలు. పైగా నల్లజాతివారు నడిపిన పౌరహక్కుల ఉద్యమానికి మనం బాకీ పడి ఉన్నాం. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికి మాత్రమే వలస కోటా ఉండేది. జాతీయత ఆధారంగా కోటాలు పెట్టే ఆ పద్ధతిని 1965లో రద్దు చేశారు. పౌరహక్కుల ఉద్యమం 1964లో పౌరహక్కుల చట్టాన్ని, 1965లో ఓటుహక్కు చట్టాన్ని సాధించిన కాలంలోనే అది సాధ్యపడింది. మనవాళ్లు ఇన్ని లక్షల మంది ఇక్కడికి రాగలిగింది ఆ తలుపు తెరుచుకున్నాకే. ఇక 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపిన ఘటనను మనలో ఎవరూ మరచిపోలేదు. ఆ రోజు హంతకుణ్ణి అడ్డుకోబోయి తూటా దెబ్బ తిన్న వ్యక్తి మనవాడు కాదు.

మొదటిసారి వెళ్లేవారికి ఫోర్ట్‌వర్త్‌లో జూన్ 19న, ఉద్యమకారిణి ఓపల్ లీ పేరిట జరిగే నడక అనువైనది. కేంద్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేసిన రాష్ట్రాల్లోని బానిసలకు స్వేచ్ఛనిస్తూ 1863 జనవరి 1న వెలువడిన ప్రకటన, టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో 1865 జూన్ 19న గాని అమలులోకి రాలేదు. ఆ రెండున్నరేళ్లకు గుర్తుగా రెండున్నర మైళ్లు, అంటే సుమారు నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. 1939లో ఇదే జూన్ 19న ఒక అల్లరిమూక ఫోర్ట్‌వర్త్‌లోని ఓపల్ లీ కుటుంబం ఇంటిని తగలబెట్టింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. 2016లో, 89 ఏళ్ల వయసులో, ఈ రోజును జాతీయ సెలవుగా ప్రకటించాలని కోరుతూ ఆమె వాషింగ్టన్ వైపు నడక మొదలుపెట్టారు. 2021లో ఆ కోరిక నెరవేరింది. నడకకు ముందుగా పేరు నమోదు చేసుకోండి. టెక్సాస్ జూన్ ఎండ ఎలాంటిదో మీకు తెలియనిది కాదు గనుక టోపీ, నీళ్ల సీసా, అలవాటైన బూట్లు తప్పనిసరి. జనవరి మూడో సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ దినాన డాలస్‌లో జరిగే ఊరేగింపు ఎండ భయం లేనిది, చిన్నపిల్లలతో వెళ్లడానికి అదే మేలు.

అక్కడ అతిథి మర్యాద పాటించాలి. మొదటి ఏడాదే మన సంఘం బ్యానరు పట్టుకుని వేదిక ముందు ఫొటోలు దిగడం నాకు సరిగా తోచదు. కుర్చీలు వేయడం, నీళ్ల సీసాలు పంచడం, చివర్లో చెత్త ఎత్తడం వంటి పనులకు స్వచ్ఛందంగా పేరివ్వండి. పెళ్లింట్లో విస్తళ్లు తీసేవాణ్ణే ఇంటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

వీసా మీద ఉన్నవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలి. ఇలాంటి సభల్లో ఓటరు నమోదు బల్ల ఉంటుంది. ఒక జూన్‌టీన్త్ సభలో హెచ్‌-1బి మీద ఉన్న మా బంధువొకరు, చిరునవ్వుతో అందించిన నమోదు ఫారాన్ని మొహమాటంతో అందుకుని, పేరు రాసి, "మీరు అమెరికా పౌరులేనా" అన్న గడి దగ్గర పెన్ను ఆపారు. ఆపడం మంచిదైంది. పౌరులు కానివారు పౌరులమని టిక్కు పెట్టి సంతకం చేస్తే, భవిష్యత్తులో గ్రీన్‌కార్డు అవకాశమే మూసుకుపోవచ్చు. "నేను ఇంకా పౌరుణ్ణి కాను, మీ బల్ల దగ్గర సాయం చేయగలనా" అని చెప్తే చాలు, ఎవరూ తప్పుగా అనుకోరు. గ్రీన్‌కార్డు కూడా లేనివారు ఎన్నికల అభ్యర్థులకు విరాళం ఇవ్వకూడదు. స్వచ్ఛంద సంస్థలకు ఇవ్వవచ్చు.

శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు పౌరులు కానివారికీ ఉంది. అయినా అరెస్టు అనేది పౌరుడికి ఒక రాత్రి ఇబ్బంది అయితే, వీసాదారుకు మొత్తం భవిష్యత్తుకు సంబంధించిన విషయం. 2025లో నిరసనల్లో పాల్గొన్నందుకు కొందరు విదేశీ విద్యార్థులు వీసా చిక్కుల్లో పడిన సంగతి తెలిసిందే. అందుచేత అనుమతి తీసుకుని జరిపే నడకలు, సభలు ఎంచుకోండి. రోడ్డుకు అడ్డంగా కూర్చునే నిరసనలకు దూరంగా ఉండండి. పోలీసులు చెదిరిపొమ్మంటే వెంటనే వెనుదిరగండి. ఐ-94 (దేశంలోకి ప్రవేశించినట్లు చూపే) కాగితం దగ్గర ఉంచుకోండి, ఇమిగ్రేషన్ వకీలు నంబరును ఫోనులో కాకుండా చేతి మీద పెన్నుతో రాసుకోండి. ఒకవేళ అరెస్టయితే పేరు, చిరునామా, పుట్టిన తేదీ చెప్పి, మిగిలిన ప్రశ్నలకు వకీలు వచ్చేదాకా మౌనంగా ఉంటానని మర్యాదగా చెప్పండి.

ఇల్లు కదలలేనివారికి ఆన్‌లైన్ దారి చిన్నదేమీ కాదు. చాలా నగరాల కౌన్సిల్ సమావేశాలు ప్రత్యక్ష ప్రసారమవుతాయి. పోలీసు శాఖ బడ్జెట్, అద్దె ఇళ్ల నిబంధనలు తేలేది అక్కడే. ముందు రెండు సమావేశాలు ఊరికే చూడండి, తరువాత ఒక అంశం ఎంచుకుని మాట్లాడటానికి పేరు నమోదు చేసుకోండి. ఇచ్చే సమయం సాధారణంగా రెండు మూడు నిమిషాలు దాటదు గనుక మీరు ఎక్కడ నివసిస్తారో, ఏమి కోరుతున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి. సభలో తీసిన ఫొటోల్లో ఇతరుల ముఖాలు కనిపిస్తే వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టవద్దు. వీసా దరఖాస్తులో గత ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతారని గుర్తుంచుకుని రాయండి. భయపడి మానేయమని కాదు, పది మంది ముందు నిలబడి చెప్పగలిగిన మాటే రాయమని నా ఉద్దేశం. విరాళం ఇచ్చేముందు ఆ సంస్థ పేరును పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో చూసుకోండి. మీ కంపెనీ విరాళానికి సమానంగా మరికొంత జతచేసే పథకం ఉందేమో హెచ్ఆర్‌ను అడగండి.

అయితే అన్నిటికంటే కష్టమైన కార్యక్రమం మన వాట్సాప్ గ్రూపుల్లోనే ఉంది. ఇల్లు కొనబోయే తమ్ముడికి "ఆ ఏరియా వద్దురా, అక్కడ వాళ్లెక్కువ" అని మనం సలహా ఇస్తాం. ఆ "వాళ్లు" ఎవరో అందరికీ తెలుసు. కొనుగోలుదారు జాతిని చూసి ఫలానా చోటికి వెళ్లమని, ఫలానా చోటు వద్దని రియల్టర్ మళ్లించడం 1968 నాటి గృహ హక్కుల చట్టం ప్రకారం చట్టవిరుద్ధం. అదే మాట మనం ప్రేమగా చెప్తున్నామనుకుంటాం. అలాంటి సందేశం కనిపించినప్పుడు గ్రూపులో గొడవ పెట్టుకోకుండా, రాసినవారికి విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. పెద్దవారైతే, "బాబాయ్, మనల్ని ఎవరైనా ఇలా అంటే మనకెలా ఉంటుంది?" అని అడిగి ఆగండి. కులం పేరు చెప్పి అద్దెకు ఇల్లు ఇవ్వని ఊళ్లనుంచి వచ్చినవాళ్లం, ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు.

ఒక్క నడకతో ఆగకండి. నల్లజాతివారి హక్కుల కోసం 1909లో ఏర్పడిన ఎన్ఏఏసీపీ అనే సంస్థకు అనేక పట్టణాల్లో శాఖలున్నాయి, ఏ జాతివారైనా సభ్యులు కావచ్చు. మీకు దగ్గరలోని శాఖ తదుపరి సమావేశం తేదీ కనుక్కుని క్యాలెండరులో వేసుకోండి. మొదటి రెండు మూడుసార్లు ఎవరూ తెలియక వెనక వరుసలో కూర్చుంటారు. నాలుగోసారి ఎవరో వచ్చి, గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం చూసుకోగలరా అని అడుగుతారు. ఒప్పుకోండి.