అద్దె ఇంటి మీద పన్నులు, రాయితీలు: విజయనగరం, శ్రీకాకుళం యజమానులు ఏప్రిల్ 30 లోపు చూసుకోవలసినవి

విజయనగరంలో మా మేడ మీది రెండు వాటాలను అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. కొత్తగా మేడ కట్టిన బంధువులు ఫోను చేసి మొదట అడిగేది ఒకటే, అద్దెకు ఇవ్వడానికి లైసెన్సు ఏమైనా తీసుకోవాలా అని. ఇంగ్లండులో చాలా చోట్ల ఇంటి యజమాని స్థానిక కౌన్సిలుకు రుసుము కట్టి లైసెన్సు పొందవలసి ఉంటుంది కాబట్టి, అక్కడ పిల్లలున్న వారికి ఈ అనుమానం రావడం సహజమే. మన దగ్గర ఒక కుటుంబానికి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి అటువంటి లైసెన్సు అక్కరలేదు. దాని బదులు ఇంటిపన్ను, ఆదాయపు పన్ను, ఒప్పందపత్రం ఖర్చు అనే మూడు దారుల్లో డబ్బు బయటికి పోతుంది. మొదటి రెండింటిలోనూ రాయితీలు ఉన్నాయి గాని, అవి అడిగిన వారికి, తేదీ తప్పని వారికి మాత్రమే దక్కుతాయి.

ఇంటిపన్నును ఏడాదికి రెండు విడతలుగా లెక్కిస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక అర్ధ సంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి వరకు రెండవది. మొత్తం ఏడాది పన్నును ఏప్రిల్ 30 లోపు ఒకేసారి చెల్లించిన వారికి 5 శాతం రాయితీ ఇస్తారు. మొదటి అర్ధ సంవత్సరపు పన్ను జూన్ 30 దాటినా, రెండవది డిసెంబరు 31 దాటినా నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. ఏడాదికి 6,000 రూపాయల పన్ను ఉన్న ఇంటిని తీసుకుని చూడండి. ఏప్రిల్‌లో కట్టిన వారికి 5,700తో పని అయిపోతుంది. మార్చి చివరి వారం దాకా ఆగిన వారికి మొదటి 3,000 మీద తొమ్మిది నెలల వడ్డీ 540, రెండవ 3,000 మీద మూడు నెలల వడ్డీ 180 కలిసి మొత్తం 6,720 అవుతుంది. ఒకే ఇల్లు, ఒకే పన్ను, తేడా 1,020 రూపాయలు. ప్రభుత్వం అప్పుడప్పుడు మార్చి నెలలో బకాయిదారులకు వడ్డీలో కొంత మాఫీ ప్రకటించే మాట నిజమే గాని, మాఫీ పోగొట్టేది వడ్డీనే తప్ప, చేజారిన 5 శాతాన్ని తిరిగి ఇవ్వదు. ఆ ఆశతో ఏడాదంతా ఆగేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. పాత బకాయి ఏదైనా ఉంటే ముందు దాన్ని తీర్చుకుని ఆ తరువాత రాయితీ సంగతి చూసుకోవాలి.

చెల్లించడం ఇప్పుడు కష్టం కాదు. వార్డు సచివాలయంలో కట్టవచ్చు, పురపాలక శాఖ వెబ్‌సైటులో అసెస్‌మెంటు నంబరు, అంటే బిల్లు మీద ఉండే ఇంటిపన్ను ఖాతా నంబరు కొట్టి కట్టవచ్చు, వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ సేవ అయిన మన మిత్ర ద్వారానూ కట్టవచ్చు. అయితే డబ్బు పంపే ముందు తెర మీద కనిపించే యజమాని పేరు, ఇంటి నంబరు ఒకసారి చదవండి. ఒక ఏడాది నేను తొందరలో ఒక అంకె తప్పు కొట్టి, మరొకరి ఇంటి పన్ను కట్టేశాను. వారి పేరు తెర మీద స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే. ఆ సొమ్మును మా ఖాతాకు మార్చమని అర్జీ పెట్టి తిరిగేలోపు ఏప్రిల్ వెళ్లిపోయింది. అప్పటి నుంచి మా ఇంటి అసెస్‌మెంటు నంబరును కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు పెయింటుతో రాసి ఉంచాను.

అసెస్‌మెంటు ఎవరి పేరున ఉందన్నది కూడా ముఖ్యమే. విజయనగరం కంటోన్మెంటులోనూ, శ్రీకాకుళం గుజరాతీపేటలోనూ పాత ఇళ్లు చాలావాటికి తాతల పేర్లతోనే బిల్లులు వస్తుంటాయి. పన్ను కట్టడానికి అది అడ్డం కాకపోయినా, తగ్గింపు కోరుతూ అర్జీ పెట్టవలసి వచ్చినప్పుడు, ఆదాయపు పన్నులో రసీదు చూపవలసి వచ్చినప్పుడు మీ పేరు లేని కాగితంతో ఇబ్బంది పడతారు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, వీలునామా లేదా పంపకాల దస్తావేజు ఉంటే అదీ జతచేసి పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోండి. మునిసిపల్ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన ఇంటి మీద హక్కు రుజువైనట్టు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటిపన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను ఉండేలా అప్పట్లో హద్దులు పెట్టారు. అందువల్ల రోడ్డు వైపు గదిని దుకాణానికి ఇచ్చినప్పుడు ఆ భాగానికి మాత్రమే నివాసేతర రేటు పడాలి. మేడ మీద కుటుంబాలు ఉంటున్న వాటాలకు కూడా అదే రేటు పడిందేమో బిల్లులో చూసుకోండి. పడితే సవరణ కోరండి. అలాగే 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 50 రూపాయల నామమాత్రపు పన్ను, యజమాని స్వయంగా ఉంటేనే వర్తిస్తుంది. దాన్ని అద్దెకు ఇచ్చి ఆ రాయితీని అడగడం కుదరదు.

ఇల్లు చాలాకాలం ఖాళీగా పడి ఉంటే పన్నులో తగ్గింపు కోరే వీలు ఉంది. దీన్నే వేకెన్సీ రెమిషన్ అంటారు. ఇది దానంతట అదే రాదు. ఇల్లు ఖాళీగా ఉండగానే దరఖాస్తు చేసి, సిబ్బంది వచ్చి చూసుకునేలా చేయాలి. కొత్తవాళ్లు దిగాక, మొన్నటిదాకా ఖాళీగానే ఉందండీ అంటే వినేవారు ఉండరు.

ఇక మన ఊళ్లలో తరచు తకరారు తెచ్చే సంగతి ఒకటి ఉంది. అద్దె ఇంత, ఇంటిపన్ను మీదే అని చాలామంది యజమానులు అద్దెకున్న వారికి అప్పగించేస్తారు. ఏప్రిల్‌లో కడితే వచ్చే రాయితీ మీద అద్దెకున్న వారికి శ్రద్ధ ఉండదు, వారు ఆలస్యం చేస్తే వడ్డీ మీ ఇంటి మీద పేరుకుంటుంది. పైగా ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుంచి తీసివేయడానికి వీలైనది యజమాని స్వయంగా, ఆ ఆర్థిక సంవత్సరంలో వాస్తవంగా చెల్లించిన ఇంటిపన్ను మాత్రమే. వాళ్లు కట్టిన రసీదును మీరు చూపడానికి లేదు. కాబట్టి ఆ మొత్తాన్ని అద్దెలోనే కలుపుకుని మీరే కట్టడం మేలని నా అభిప్రాయం.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. నెలకు 8,000 చొప్పున ఏడాది అద్దె 96,000. అందులోంచి ఏప్రిల్‌లో కట్టిన 5,700 తీసివేస్తే 90,300 మిగులుతుంది. దాని మీద 30 శాతం, అంటే 27,090 రూపాయలు, సున్నం వేయించడానికి, మరమ్మతులకు నిజంగా ఎంత ఖర్చయిందన్న ప్రశ్న లేకుండా తగ్గిస్తారు. కొత్త పన్ను విధానంలోనూ ఈ తగ్గింపు ఉంటుంది. అద్దె ఆదాయంగా చూపవలసింది 63,210 రూపాయలే. పెయింటు బిల్లులు, ప్లంబరు కూలీ విడిగా చూపి మళ్లీ తగ్గింపు అడగకూడదు. ఇంటి అప్పు మీద వడ్డీ ఉంటే అది వేరుగా తగ్గుతుంది గాని, దానివల్ల నష్టం తేలినప్పుడు కొత్త విధానంలో ఆ నష్టాన్ని జీతం వంటి ఇతర ఆదాయంతో సరిపెట్టుకోవడానికి వీలు లేదు.

ఒప్పందపత్రం గురించి క్లుప్తంగా చెబుతాను. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషను అక్కరలేదన్న మాట దేశమంతా వినిపించేదే. కాని రిజిస్ట్రేషను చట్టానికి 1999లో వచ్చిన సవరణతో మన రాష్ట్రంలో గడువు ఎంతైనా స్థిరాస్తి లీజులన్నీ తప్పనిసరి రిజిస్ట్రేషను పరిధిలోకి వచ్చాయి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించుకున్నది వివాదం వచ్చినప్పుడు ఎంతవరకు నిలుస్తుందో, ఆ ఖర్చు మిగుల్చుకునే ముందే ఆలోచించుకోవాలి.

ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం చుట్టూ, విజయనగరంలో ద్వారపూడి వైపు, విద్యార్థుల కోసం ఇళ్లను హాస్టళ్లుగా మార్చిన వారి సంగతి వేరు. అది ఇల్లు అద్దెకు ఇవ్వడం కాదు, వ్యాపారం కిందికి వస్తుంది. పట్టణ పరిధిలో ఉంటే ట్రేడ్ లైసెన్సు, అంటే వ్యాపారానికి పురపాలక అనుమతి తీసుకుని, గడువు తీరేలోపు పునరుద్ధరించుకోవాలి, భోజనం కూడా పెడితే ఆహార భద్రత నమోదు కావాలి. జీఎస్టీలో మాత్రం ఊరట ఉంది. ఒక్కొక్కరికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, వరుసగా 90 రోజులకు తగ్గకుండా ఇచ్చే వసతికి 2024 జులై నుంచి మినహాయింపు వర్తిస్తోంది.

అద్దెకున్నవారు ఉద్యోగులైతే, పాత పన్ను విధానంలో ఉండి ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం మీ పాన్ నంబరు అడుగుతారు. వారు చూపే అద్దె, మీరు చూపే అద్దె ఒకటిగా ఉండేలా రసీదులు ఇవ్వండి. ఇల్లు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో స్థిరపడిన కొడుకు పేరున ఉండి, అద్దె అతనికే చెందుతున్నప్పుడు నిబంధన ఇంకా కఠినం. అద్దె ఎంత చిన్నదైనా, దాన్ని కట్టే అద్దెదారు ముందే 30 శాతం పన్ను, దాని మీద సెస్సు మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. తక్కువ మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే వీలు యజమానికి ఉంది. అద్దెకు దిగేవారితో ఈ సంగతి బయానా తీసుకోకముందే చెప్పండి, ఎందుకంటే దానికోసం వారు, పన్ను మినహాయించి జమ చేసేవారికి ఇచ్చే టాన్ నంబరు కూడా ప్రత్యేకంగా తీసుకోవలసి వస్తుంది.