చివర దీర్ఘం తీసేసి అడగండి: ఆటగాళ్ళతో కెరీర్ కబుర్లు, 4వ పాఠం

పోయిన పాఠంలో ఎవరో ఒక కెనడా ప్లేయర్‌ని తీసుకుని వాళ్ళ కెరీర్ మొత్తం ఏడాది పక్కన ఏడాది పెట్టి ఒక కాగితం మీద రాసుకోమన్నాను, నేను క్లారా హ్యూస్‌ది రాసుకున్నాను, మీరు ఎవరిది రాసుకున్నా పర్లేదు, ఆ కాగితం ముందు పెట్టుకునే ఇవాళ్టిది చదవండి. ఇవాళ అందులోంచి ప్రశ్నలు తీస్తాం. ఈ సిరీస్ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే, ఇది ఒంటబట్టిందంటే మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా ఇంటర్వ్యూ నిలబడుతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. మీరు అడగబోయే ప్రశ్నని తెలుగులో పైకి అనండి, అసలు ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరిగేదైనా సరే ముందు తెలుగులో అని, చివరి అక్షరం వినండి. బాధపడ్డారా, భయమేసిందా, గెలుస్తారనుకున్నారా, ఇలా చివర ఆ అని దీర్ఘం వచ్చిందంటే అవతలి మనిషి అవుననో కాదనో అనేసి ఊరుకోవచ్చు. చివర కదా వచ్చిందంటే ఇంకా అన్యాయం, జవాబు కూడా మీరే చెప్పేసి వాళ్ళ చేత తలూపిస్తున్నారన్నమాట. మన భాషలో ఉన్న సుఖం ఏంటంటే ఈ తప్పు చెవికి వినపడుతుంది. ఆ దీర్ఘం తీసేసి ఏం, ఎలా, ఎందుకు, ఎప్పుడు, ఎవరు, వీటిల్లో ఒకటి పెట్టి మళ్ళీ అనండి, అంతే పని.

ఇప్పుడు క్లారా హ్యూస్ కాగితం చూద్దాం. విన్నిపెగ్ అమ్మాయి, టీనేజ్‌లో ఉన్నప్పుడు 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో గాయటాన్ బుషే స్కేటింగ్ చెయ్యడం టీవీలో చూసి స్పీడ్ స్కేటింగ్ మొదలుపెట్టింది, తర్వాత సైక్లింగ్‌లోకి వెళ్ళింది, 1996 అట్లాంటాలో సైక్లింగ్‌లో రెండు కాంస్యాలు, ఆ తర్వాత మళ్ళీ మంచు మీదకి వచ్చి 2002 సాల్ట్‌లేక్‌లో 5000 మీటర్లలో కాంస్యం, 2006 టురిన్‌లో అదే దూరంలో బంగారం, టీమ్ పర్స్యూట్‌లో వెండి, 2010 వాంకూవర్‌లో ఇంకో కాంస్యం. మొత్తం ఆరు. సమ్మర్ ఒలింపిక్స్‌లో, వింటర్ ఒలింపిక్స్‌లో, రెండిట్లోనూ ఒకటికి మించి మెడల్స్ ఉన్న మనిషి ఆవిడ ఒక్కరే.

ఈ కాగితం చూడగానే చేతికి వచ్చే ప్రశ్న ఇది: అట్లాంటాలో ఒకేసారి రెండు మెడల్స్, చాలా హ్యాపీగా ఉండి ఉంటారు కదా? ఆవిడ మర్యాదస్తురాలైతే అవునండీ అంటుంది, మీరు 2002కి వెళ్ళిపోతారు. కానీ అట్లాంటా తర్వాత ఆవిడ డిప్రెషన్‌లోకి జారిపోయి చాలాకాలం అందులోనే ఉంది, ఆ సంగతి తర్వాత ఆవిడే అందరి ముందూ చెప్పింది, మానసిక ఆరోగ్యం గురించి దేశమంతా జరిగే బెల్ లెట్స్ టాక్ ప్రచారానికి ముఖంగా నిలబడింది. అంటే ఆవిడ జీవితంలో అంత పెద్ద విషయం మీద మీరు కదా అనే ఒక్క మాటతో మూత పెట్టేశారు. అదే ప్రశ్నని అట్లాంటా నుంచి ఇంటికొచ్చాక రోజులు ఎలా గడిచాయి అని అడిగి చూడండి, అందులో సంతోషం లేదు, బాధా లేదు, ఏది ఉంటే అది ఆవిడే పెట్టుకుంటుంది. మెడల్ రోజు గురించి ఆవిడని వెయ్యిమంది అడిగి ఉంటారు, దాని మర్నాటి గురించి అడిగినవాళ్ళు తక్కువ.

ఈ పద్ధతి నా సొంతం కాదు. జాన్ సావాట్‌స్కీ అని కెనడాలో పేరున్న పరిశోధక జర్నలిస్టు, ఒట్టావాలో కార్ల్‌టన్ యూనివర్సిటీలో ఇంటర్వ్యూ చెయ్యడం ఎలా అన్నది పాఠంగా చెప్పారు, 2004లో అమెరికా స్పోర్ట్స్ ఛానల్ ఈఎస్‌పీఎన్ తమ వాళ్ళకి ప్రశ్నలడగడం నేర్పించడానికి ఆయన్నే పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, ఒకటే ఉండాలి, ఎటూ మొగ్గకుండా ఉండాలి అంటారాయన. ఒక ఊపిరిలో రెండు మూడు ప్రశ్నలు పెట్టొద్దు, మీ అభిప్రాయం అందులో దూర్చొద్దు, ప్రశ్నే లేకుండా స్టేట్‌మెంట్ ఇచ్చి మైకు ముందుకు పెట్టొద్దు. ఆయన చెప్పినవన్నీ ఇంగ్లీషుకి చెప్పినవే, ఆ దీర్ఘం పరీక్ష మాత్రం నేను తెలుగువాళ్ళ కోసం కట్టుకున్నది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు, ఎలా అనిపించింది అనే ప్రశ్నలో దీర్ఘం లేదు, కదా లేదు, మరి అది మంచిదేనా అని. కాదు. దీర్ఘం లేకపోయినా అది అరిగిపోయిన ప్రశ్న. ఐస్ హాకీలో పీరియడ్‌కి పీరియడ్‌కి మధ్య డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్తున్న ప్లేయర్‌ని ఆపి మైకు పెడతారు చూడండి, చెమట కారుతూ ఉంటుంది, ఊపిరి అందదు, ఆయనేమో పక్‌ని, అంటే ఆ రబ్బరు బిళ్ళని, లోతుగా పంపాలి, కాళ్ళు ఆగకూడదు, ఒక్కో షిఫ్ట్ చూసుకోవాలి అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పి వెళ్ళిపోతాడు. దానికి ఆయన్ని తప్పుపట్టను, ఉన్నది ఒకటిన్నర నిమిషం, లోపల కోచ్ ఎదురు చూస్తుంటాడు. అదే ప్లేయర్ శనివారం రాత్రి ఆట అంతా అయిపోయాక హాకీ నైట్ ఇన్ కెనడా అనే టీవీ షోలో ఆఫ్టర్ అవర్స్ అనే ఇంటర్వ్యూకి తీరిగ్గా కూర్చున్నప్పుడు చూడండి, చిన్నప్పుడు రింకుకి ఎవరు తీసుకెళ్ళేవాళ్ళో, అమ్మ ఏం పని చేసేదో కూడా వస్తుంది. మనం చేసేది ఈ రెండో రకం. కాబట్టి మొదటి రకం ప్రశ్నలు ఇక్కడికి మోసుకురావద్దు.

నేను నేర్చుకున్న రోజు ఒకటి చెప్తాను. కాల్గరీలో 1988 ఒలింపిక్స్ కోసం కట్టిన ఓవల్ అనే స్కేటింగ్ ట్రాక్ ఉంది, అక్కడికి దగ్గర్లో ఒక కాఫీ షాపులో రిటైరైన ఒక స్పీడ్ స్కేటర్‌తో కూర్చున్నాను, పేరు వద్దు, ఒలింపిక్స్ ట్రయల్స్‌లో చాలా కొద్దిలో టీమ్‌లోకి రాలేకపోయిన మనిషి. నేను ఇంటి దగ్గర బాగా ప్రాక్టీస్ చేసుకుని వచ్చి ఒక్క ఊపిరిలో అడిగాను, ఆ రోజు ఎలా అనిపించింది, కోచ్ ఏమన్నాడు, మానేద్దామనుకున్నారా అని. ఆవిడ చివరిదానికే జవాబిచ్చింది. లేదు అంది. మూడు ప్రశ్నలు పెడితే మనిషి అందులో తేలికైనది ఏరుకుంటుంది, ఎవరైనా అంతే. తర్వాత అరగంట అలాగే పొడిపొడిగా నడిచింది.

మధ్యలో ఏం తోచక, బ్లేడ్లు ఎవరు సానపెట్టేవాళ్ళు అని అడిగాను. అది నా కాగితంలో లేదు. ఆవిడ కాఫీ కప్పు పక్కకి జరిపి రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించడం మొదలుపెట్టింది, రెండు స్కేట్లూ తలకిందులుగా ఇలా ఒక చట్రంలో బిగిస్తాం, రెండు బ్లేడ్ల మీదా ఒకేసారి ఆనేలా పొడుగు సానరాయి పెట్టి ఇలా ముందుకీ వెనక్కీ లాగుతాం, ఆగి బొటనవేలితో అంచు ఇలా తడిమి చూస్తాం, గరుకు తగిలిందంటే చిన్న రాయితో మళ్ళీ తియ్యాలి అని. బొటనవేలు బల్ల అంచు మీద మెల్లిగా జరుపుతూనే ఉంది, మాట ఆగిపోయింది. నేనూ ఏమీ అనలేదు. కాసేపయ్యాక తలెత్తకుండానే చెప్పింది, ట్రయల్స్ అయిన రాత్రి ఇంటికెళ్ళి బేస్‌మెంట్‌లో కూర్చుని బ్లేడ్లు సానపెట్టాను, మర్నాడు రేసు లేదు, ఆ వారం లేదు, అయినా తెల్లారేదాకా అదే పని చేశాను అని. ఎలా అనిపించింది అన్నదానికి నాకు దొరికిన జవాబు అది, నేను అడిగినప్పుడు రాలేదు, సానరాయి గురించి అడిగితే వచ్చింది.

అందుకే మీ కాగితంలో ప్రతి పెద్ద సంఘటన పక్కనా ఒక వస్తువో, ఒక చోటో, చేతులతో చేసే ఒక పనో రాసుకోండి. సిల్కెన్ లామన్ సంగతే తీసుకోండి, రోయింగ్‌లో 1991 ప్రపంచ ఛాంపియన్, 1992 మే నెలలో జర్మనీలో ఎస్సెన్ దగ్గర రేసుకి ముందు వార్మప్‌లో ఇంకో పడవ వచ్చి గుద్దేసి కుడికాలు మోకాలి కింద ఎముక విరిగి కండ చీలిపోయింది, మూడు నెలలు తిరక్కుండా బార్సిలోనా ఒలింపిక్స్‌లో పడవలో కూర్చుని రేసు చేసి కాంస్యం గెలిచింది, చివర్లో నాలుగో స్థానం నుంచి అమెరికా అమ్మాయిని దాటి మరీ. ఈ కథ వినగానే ఎవరికైనా ఆ నొప్పి ఎలా తట్టుకున్నారు అనే నోటికొస్తుంది, అందులో మెచ్చుకోలు ఉంది, ఆవిడ వినయంగా ఏదో చెప్పి దాటేస్తుంది. నేనైతే దెబ్బ తగిలాక మొదటిసారి పడవలోకి ఎలా ఎక్కారు అని అడుగుతాను. ఆ కాలితో రేవు మీంచి సన్నటి పడవలోకి దిగాలి, ఎవరు పట్టుకున్నారు, కర్ర ఎక్కడ పెట్టారు, కాలు ఎక్కడ ఆనించారు, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోంచే వస్తాయి.

కష్టమైన విషయాలకి కూడా ఇదే పద్ధతి. కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్ 1988 సెప్టెంబర్ 24న సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తాడు, మూడు రోజులకి డ్రగ్స్ వాడాడని తేలి మెడల్ తీసేసుకున్నారు, మరుసటి ఏడు కెనడాలో డూబిన్ కమిషన్ విచారణ జరిగింది, కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ వచ్చి డ్రగ్స్ సంగతి బయటపెట్టాడు. అలాంటి మనిషి ముందు కూర్చుని ప్రశ్నలో మోసం అనే మాట పెట్టారంటే ఆయన ఆ మాటతోనే పోట్లాడతాడు, జరిగింది చెప్పడు. పరిగెత్తిన రోజుకీ మెడల్ పోయిన రోజుకీ మధ్య ఆ మూడు రోజులు ఎలా గడిచాయి అని అడగండి. ఇది మెత్తగా అడగడం కాదు, ఆ తేదీలే చాలినంత గట్టిగా ఉన్నాయి, మీ విశేషణం వాటికి అక్కర్లేదు.

ఇంక స్పోర్ట్స్ మీడియా వాళ్ళతో ఇబ్బంది వేరు. వాళ్ళకి మాటే వృత్తి, బాగా నలిగి నున్నబడిన కథలు నాలుగు రెడీగా ఉంటాయి. హర్నారాయణ్ సింగ్ ఉన్నారు, ఆల్బర్టాలో బ్రూక్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టిన సిక్కు కుర్రాడు, హాకీ నైట్ షో పంజాబీ ప్రసారంలో కామెంటరీ చెప్పి పేరు తెచ్చుకున్నారు, 2016లో ఐస్ హాకీ స్టాన్లీ కప్ ఫైనల్లో నిక్ బొనీనో గోల్ కొట్టగానే బొనీనో బొనీనో అని ఆపకుండా అరిచింది ప్రపంచమంతా తిరిగింది. ఆయన దొరికితే మీ మొదటి ప్రశ్న దాని గురించి అయితే ఆయనకి కంఠతా వచ్చిన జవాబే మీకూ దక్కుతుంది. దానికి చాలా ముందు, షో కొత్తలో, కాల్గరీ నుంచి టొరంటోకి శనివారాలు సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చేవారు. ఆ టికెట్ల సంగతి ఇంట్లో ఎవరికి చెప్పారు అని అడగండి. లేదా పక్‌ని పంజాబీలో టిక్కీ అనాలని ఎలా తేల్చుకున్నారు అని అడగండి, మనలో తెలుగు కామెంటరీ చెప్పాలని ఆశ ఉన్నవాళ్ళకి ఆ జవాబు బంగారం, ఆటకి ఒక భాషలో మాటలు పుట్టించడం ఎంత పనో నాకు అందులోనే తెలిసొచ్చింది. కాసీ క్యాంప్‌బెల్ పాస్కల్ కూడా అంతే, కెనడా మహిళల ఐస్ హాకీ కెప్టెన్‌గా 2002లో, 2006లో ఒలింపిక్ బంగారాలు, అదే 2006 అక్టోబర్‌లో కామెంటేటర్ హ్యారీ నీల్ బఫలోలో మంచులో ఇరుక్కుపోతే ఆయన బదులు హాకీ నైట్‌లో కామెంటరీకి కూర్చుంది, ఆ స్థానంలో కూర్చున్న మొదటి మహిళ. మొదటి మహిళగా గర్వంగా ఉందా అంటే దీర్ఘం. ఆ కబురు వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు అంటే కథ.

అడిగాక చెయ్యాల్సింది ఒక్కటే, ఊరుకోవడం. మనవాళ్ళకి ఇదే కష్టం, ఎదుటి మనిషి రెండు క్షణాలు ఆగితే మొహమాటంతో మనమే అంటే నా ఉద్దేశం ఏంటంటే అని మొదలుపెడతాం, అది అవతలివాళ్ళని కాపాడ్డం అనుకుంటాం. వద్దు. నాలుగు ఊపిరులు లెక్కపెట్టండి, కళ్ళు దించుకోండి కావాలంటే, మాట మాత్రం పెగలనివ్వొద్దు.

హోంవర్క్ చెప్తాను. మీ కాగితంలోంచి ఐదు ప్రశ్నలు రాయండి, ఒక్కోటీ ఎనిమిది మాటలు దాటకూడదు, పైకి అని దీర్ఘం పరీక్ష చెయ్యండి. తర్వాత కాలేజీలో వాలీబాలో కబడ్డీయో ఆడిన బాబాయో మేనత్తో మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళని కూర్చోబెట్టి ఆట మానేసిన ఏడాది గురించి ఇరవై నిమిషాలు అడిగి ఫోన్లో రికార్డ్ చెయ్యండి. విని, మీ గొంతు ఎన్ని నిమిషాలుందో వాచీ పెట్టి రాసుకోండి, ఐదు దాటితే ఇంకో రోజు మళ్ళీ కూర్చోండి. వాళ్ళు మధ్యలో ఆగిన చోట్లు కట్ చెయ్యొద్దు, రికార్డింగ్ ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ఐదో పాఠంలో ఆ ఆగిన చోట్ల నుంచే మొదలుపెడతాం.