మట్టిబాటల సైకిల్ పాఠాలు – 4: నేలను బట్టి దారి, దారిని బట్టి గాలి

గత పాఠంలో సీటు ఎత్తు సరిచూసుకోవడం, ముందు వెనుక బ్రేకులను పంచి పట్టడం నేర్చుకున్నాం. ఈ పాఠం దారిని ఎంచుకోవడం గురించి. ఫోనులోని మ్యాపు ఫలానా చోట బాట ఉందని చూపిస్తుంది గాని, అది మొరం బాటో, రేగడి బాటో, ఇసుక బాటో చెప్పదు. వంగిన హ్యాండిల్, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఉన్న గ్రావెల్ సైకిలు మీద వెళ్ళేవారికి దూరం కన్నా ముందు తెలియవలసింది అదే.

దక్షిణ తెలంగాణలో మనకు ఎక్కువగా తగిలేవి రెండు నేలలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా భాగం ఎర్రని చెల్క. గ్రానైటు జాతి బండలు యుగాల తరబడి పగిలి పొడి కాగా ఏర్పడిన ఈ నేలలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఇంకిపోతుంది. రాత్రి ఓ మోస్తరు వాన పడినా మరునాడు మధ్యాహ్నానికి బాట తొక్కడానికి వస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, అంటే గద్వాల, అలంపూర్ల వైపు, నల్లరేగడి విస్తారంగా కనిపిస్తుంది. రేగడిలోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు బారుతుంది. కాబట్టి మే నెలలో సిమెంటులా గట్టిగా ఉన్న బాటను చూసి జూలైలో కూడా అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు.

ఆ పొరపాటు నేను చేశాను. అలంపూర్ వైపు ఒక సాయంత్రం అరగంట వాన పడింది, మరునాడు ఎండ బాగా కాసిందన్న ధైర్యంతో పొలాల మధ్య బండ్ల బాట పట్టాను. రెండు వందల గజాలు పోయేసరికి టైరుకు అంటుకున్న మట్టి మీద మట్టి పేరుకుని, చక్రానికీ ఫ్రేముకూ మధ్య సందు పూర్తిగా పూడిపోయి, వెనుక చక్రం తిరగడం మానేసింది. తుమ్మ పుల్లతో గీకితే చిక్కని సున్నుండ ముద్దలా ఊడి వచ్చింది గాని, పది అడుగులు వేసేసరికి మళ్ళీ అంతే. చివరకు సైకిలును భుజానికెత్తుకుని నడుస్తుంటే, గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన "వాన పడ్డంక రేగట్ల మా ఎడ్లే అడుగు పెట్టవు సారూ, నువ్వెట్ల తోలుకస్తివి?" అని అడిగాడు. జవాబు నా దగ్గర లేదు.

అందుకే ఈ పాఠంలో మొదటి సాధన పిడికిలి పరీక్ష. బాటలోకి దిగే ముందు పిడికెడు మట్టి తీసి, సీసాలోని నీళ్ళు కొద్దిగా పోసి, పిసికి, రెండు అరచేతుల మధ్య నులమండి. పోగులా సాగకుండా పొలపొలమని రాలిపోతే అది చెల్క. పెన్సిలంత సన్నటి పోగు విరగకుండా నిలిస్తే రేగడి. రేగడి అయితే, గడిచిన రెండు మూడు రోజుల్లో వాన పడి ఉంటే, ఆ బాట వదిలేయండి. పత్తి కనబడితే రేగడి, ఆముదం కనబడితే చెల్క అని వెనకటి వాళ్ళు గుర్తు పెట్టుకునేవారు గాని, ఇప్పుడు పత్తిని చెల్కల్లో కూడా వేస్తున్నారు కనుక పైరును నమ్మి దిగవద్దు.

చెల్క మంచిదే అయినా దానికీ ఒక దోషం ఉంది. ఎండాకాలంలో గట్టి నేల మీద గరుకు ఇసుక పలచగా పరుచుకుని ఉంటుంది. మలుపులో దాని మీద టైరు పడితే శనగల మీద కాలు వేసినట్లే జారుతుంది. దేవరకొండ నుంచి డిండి జలాశయం వైపు, బీడు భూములూ గుట్టలూ సీతాఫలం పొదలూ ఉన్న పల్లె బాటలు దీన్ని నేర్చుకోవడానికి అనువైనవి. మలుపుకు ముందే వేగం తగ్గించి, బండి చక్రాలు తొక్కి గట్టిపడిన గాడిలోనే సాగండి; రెండు గాడుల మధ్య దిబ్బ మీదికి ఎక్కవద్దు. ఆ దిబ్బ మీదే పల్లేరు కాయలూ తుమ్మ ముళ్ళూ ఉంటాయి.

ఇక గాలి. డెబ్భై కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 40 మిల్లీమీటర్ల టైరుకు, గట్టి మొరం మీద ముందు 36, వెనుక 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే అంకె) దగ్గర మొదలుపెట్టమని నేను చెబుతాను. వెనుక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి దానికి కాస్త ఎక్కువ కావాలి. గాలి మరీ ఎక్కువైతే టైరు ప్రతి రాయి మీదా ఎగిరి పట్టు వదులుతుంది. మరీ తక్కువైతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా కనిపించే ఆ జంట చిల్లులు చూస్తే ముల్లు కోసం వెతకకండి, గాలి పెంచండి. అందరూ బొటనవేలితో నొక్కి చూస్తారు గాని వేలికి 30కీ 40కీ తేడా తెలియదు. గాలి ఒత్తిడి చూపే గేజు ఉన్న చిన్న పంపు కొనుక్కోవడం మేలు.

అడవి బాటలకు వేరే జాగ్రత్త కావాలి. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే రహదారిని రాత్రి వేళ మూసేస్తారు, లోపలి అటవీ బాటల్లోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. సాధనకు అచ్చంపేట చుట్టుపక్కల, అడవి అంచున ఉన్న ఊళ్ళ మధ్య బాటలు చాలు. ఆకు రాలే కాలంలో టేకు ఆకుల కింద రాళ్ళూ గుంతలూ కనబడవు గనుక చూపు నాలుగైదు గజాల ముందు నిలిపి, పెడల్ మీద బరువు సమంగా ఉంచి, నెమ్మదిగా పోవాలి.

నదీలోయల్లో మొదట ఎదురయ్యేది ఇసుక. దుందుభి అని కూడా పిలిచే డిండి వాగును వేసవిలో దాటేటప్పుడు గాలిని నాలుగైదు పీఎస్ఐ తగ్గించి, తేలిక గేరు వేసి, హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా, వంకర తిరగకుండా సాగండి. నీటి అంచున తడిసిన ఇసుకే గట్టిగా ఉంటుంది. అవతలి ఒడ్డున గాలి మళ్ళీ నింపడం మరచిపోవద్దు. నేను మరచిన రోజునే ఆ జంట చిల్లులు పడ్డాయి. వాగు పారుతూ ఉంటే దిగవద్దు, కాజ్‌వే మీద నీరు పొర్లుతున్నా దాటవద్దు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట బాట ఇందుకు భిన్నంగా చదునుగా, సుఖంగా ఉంటుంది. ఆ సుఖానికి మరిగి కాలువ అంచున తొక్కకండి, కాలువ లోపలి వాలుకు వేసిన లైనింగు మీదికి జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మిర్యాలగూడ వైపు నుంచి మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి వరకు వెళ్ళే ఒక రోజు ప్రయాణాన్ని ఈ ధారావాహిక చివర వివరంగా వేసుకుందాం.

వచ్చే పాఠం నాటికి మీ ఊరి చుట్టూ మూడు బాటల్లో పిడికిలి పరీక్ష చేసి, ఒక్కొక్కదాని మీద రెండు రకాల గాలితో అదే దూరం తొక్కి, ఏది జారిందో, ఏది ఎగిరిందో నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ అంకెలతోనే గుట్ట దిగడం మొదలుపెడదాం.