నంబర్ ప్యాడ్‌కి డన్ బటన్, అలర్ట్‌కి ముందు ఒక్క లైన్
మన తిరుపతిలో లాడ్జి చెకిన్ లాంటి ఫారం ఐఫోన్‌కి చేస్తున్నవాళ్ళు ఇది చూసుకోండబ్బా. వయసు బాక్స్‌కి నంబర్ ప్యాడ్ పెడితే దాంట్లో రిటర్న్ కీ ఉండదు, కౌంటర్ ముందు లగేజీతో నిలబడినాయన కీబోర్డ్ ఎట్లా మూయాలో తెలీక స్క్రీనంతా నొక్కుతా ఉంటాడు పాపం, అందుకే టూల్‌బార్‌లో డన్ బటన్ వేసి ఆ టూల్‌బార్‌ని టెక్స్ట్‌ఫీల్డ్ ఇన్‌పుట్‌యాక్సెసరీవ్యూకి (కీబోర్డ్ పైన అతుక్కుని వచ్చే పట్టీ) ఇచ్చేయండి. ఆధారా, ఓటర్ కార్డా, లైసెన్సా అనేది టైప్ చేయించొద్దు, యూఐపికర్‌వ్యూని (చక్రంలా తిప్పి ఎంచుకునే లిస్ట్) ఇన్‌పుట్‌వ్యూగా పెడితే కీబోర్డ్ ప్లేస్‌లో అదే వస్తుంది. ఫీల్డ్ ఓపెన్‌లో ఉండగా ఇన్‌పుట్‌వ్యూ మారిస్తే మాత్రం రీలోడ్‌ఇన్‌పుట్‌వ్యూస్ కాల్ చేయాలి, లేకపోతే పాత కీబోర్డే కూర్చోనుంటుంది.

ఇంకోటి, చాలామంది వదిలేసేది: అలర్ట్ చూపించే ముందు వ్యూ మీద ఎండ్‌ఎడిటింగ్ ట్రూ అని రాయండి, అది కీబోర్డ్‌ని మూసేస్తుంది. కీబోర్డ్ తెరిచుండగానే యూఐఅలర్ట్‌కంట్రోలర్ (అంటే ఆ అలర్ట్ బాక్స్) వస్తే కీబోర్డ్ దిగిపోయి, ఓకే కొట్టగానే మళ్ళీ పైకొస్తుంది, కీబోర్డ్ వచ్చినప్పుడు, పోయినప్పుడు యాప్‌కి అందే ఆ షో, హైడ్ నోటిఫికేషన్లు పట్టుకుని మీరు లేఅవుట్ జరుపుతా ఉంటే ఫారం మొత్తం పైకీ కిందికీ ఎగురుతుంది, చూడ్డానికి అస్సలు బాగోదు. ఐఓఎస్ 15 నుంచి కీబోర్డ్‌లేఅవుట్‌గైడ్ (కీబోర్డ్‌తో పాటే జరిగే గైడ్) ఉంది కదా, సబ్మిట్ బటన్‌ని దానికి కట్టేస్తే ఎత్తు లెక్కలు మనం వేసుకోనక్కర్లేదు.